ఆరు పచ్చసొనలు

బోర్డో దగ్గర ఆ ద్రాక్షతోటను మంచు కాటేసిన ఏడాది అది. మెర్లో, కాబెర్నే రకాల ద్రాక్షతో చేసిన ఎర్ర వైన్ ఒక్క పీపాయే మిగిలింది. ఆ పీపా ఉన్న కొట్టు గుమ్మంలో పెళ్ళాం మొగుణ్ణి నిలదీసింది.

“వైన్ తేరడానికి ఏటా పీపాలో ఆరు గుడ్ల తెల్లసొన పోస్తావు. పచ్చసొన నా వంటింటికొస్తుంది, కనెలే కేకులు కాలుస్తాను. ఈసారి ఏదయ్యా?”

“కుక్క తాగేసింది.”

“మన కుక్క పోయి ఆర్నెల్లయింది.”

“అంటే... ఊరకుక్కలే.”

“పచ్చసొన మీద పచ్చి అబద్ధాలు! పొద్దున గోడ దగ్గర పక్కింటి ఓడిల్‌తో నీ ఇకఇకలు విన్నాన్లే. ఇప్పుడు దాని వంటింట్లోంచి పంచదార వాసన. నా కనెలేలు అక్కడ కాలుతున్నాయన్నమాట!”

“ఒట్టే! ఓడిల్‌కి ఒక్క చుక్క పచ్చసొన ఇవ్వలేదే!”

“మరి ఈ చలిలో చెమటలెందుకు?”

అంతలో గోడ మీంచి ఓడిల్ పళ్ళెం చాచింది.

“వదినా, తెల్లటి మెరింగు మిఠాయిలు తిను! అన్నయ్యిచ్చిన ఆరు గుడ్ల తెల్లసొన గిలక్కొట్టి చేశా.”

మెరింగుల కంటే మొగుడే తెల్లమొహం వేశాడు.

“తెల్లసొన దీనికిస్తే... పీపాలో ఏం పోశావయ్యా?”

“ఓడిల్‌తో మాట్లాడుతూ... రెండు గిన్నెలూ పక్కపక్కనే పెట్టానే. ఒకటి పోసి, కలిపాక చూసుకున్నా. మిగిలిన తెల్లసొన నీ కంటబడకుండా దీనికిచ్చేశా.”

“పచ్చసొనా? ఉన్న ఒక్క పీపా వైనూ పాడుచేశావా?”

ఓడిల్ మెల్లగా పళ్ళెం వెనక్కి తీసుకుంది. పెళ్ళాం గుమ్మంలోనే కూలబడింది.

“ఓరి నాయనో! ఆ పచ్చసొనేదో దీనికే ఇచ్చుంటే ఎంత బాగుండేదయ్యా!”