చేతి పట్టు

మధ్యాహ్నం. ఆటల, వ్యాయామాల సామాన్లమ్మే కొట్టులో ముగ్గురున్నారు: వదిన, మరిది, కొట్టు నడిపే మాస్టారు.

“కాదు మాస్టారూ, ఇంతకన్నా పెద్దది చూపించండి.”

“పెద్దదా? అమ్మా, మీకు ఇదే ఎక్కువ. ఇలా పిడి ఉన్న ఇనపగుండు, కెటిల్‌బెల్, కొనడం మొదటిసారన్నారుగా.”

“మొదటిసారే. అయినా పెద్దదే కావాలి.”

“వదినా, ఆయన చెప్పేది ఒక్కసారి విను. ఎనిమిది కిలోలంటే తక్కువనుకుంటున్నావు. నాలుగుసార్లు ఊపు, నడుం పట్టేస్తుంది.”

“నువ్వూరుకో చిన్నోడా. నా చెయ్యి, నా నడుం.”

“తమ్ముడు చెప్పింది నిజమేనమ్మా. దీన్ని చేత్తో ఎత్తరు. తుంటి దగ్గర్నుంచి విసురు రావాలి. చెయ్యి ఊరికే తాడులాగా వేలాడాలి, అంతే.”

“వేలాడకూడదు. నాకు కావాల్సింది చెయ్యే. వేళ్ళు, మణికట్టు, ఇదిగో ఇక్కడిదాకా.”

“పట్టు కోసమా?”

“ఆఁ. పట్టు కోసమే.”

“అలా చెప్పండి మరి! ఇక్కడికొచ్చేవాళ్ళంతా పొట్ట తగ్గాలనే వస్తారు. పట్టు కావాలనే ఆడవాళ్ళు ఎదురుగా బట్టల కొట్టుకి వెళ్తారమ్మా, నా దగ్గరికి రారు.”

“నవ్వావు వదినా! మాస్టారూ, మీరు గట్టివాళ్ళే, మా వదిన్ని నవ్వించారు.”

“నవ్వలేదు నేను.”

“నవ్వావు, నేను చూశాను.”

“సరే, నవ్వాను. ఆ మెరిసేదేంటి మాస్టారూ, ఆ నీలంది?”

“అది చూడ్డానికే. పైన ప్లాస్టిక్కు, లోపల సిమెంటు. పిడి మరీ నున్నన. చెమట పట్టిందంటే జారిపోతుంది. మొన్నొకాయన దాంతో టీవీ పగలగొట్టుకున్నాడు.”

“జారిపోతుందా?”

“ఖాయంగా.”

“అయితే తీసేయండి. ఇక్కడ్నుంచి తీసేయండి దాన్ని.”

“వదినా, మెల్లగా. పక్కన పెట్టేస్తున్నారుగా.”

“ఇదిగోనమ్మా, ఇది చూడండి. పోత ఇనుము, అంతా ఒకే ముక్క. పిడి లోపలివైపు వేలుపెట్టి నిమరండి. ఎక్కడైనా గీరుకుందా?”

“లేదు.”

“గీరుకుంటే కొనకూడదు, అరచెయ్యి కోసేస్తుంది. అడుగు చదునుగా ఉంది, దొర్లదు. రెండు చేతులూ పట్టేంత జాగా ఉంది. ఇంట్లో చేసుకునేవాళ్ళకి ఇంకేం కావాలి?”

“పైన గరుగ్గా ఉందే.”

“ఉండాలి. ఆ గరుకే చేతిని నిలబెడుతుంది. ఊపకండి, ఊరికే పట్టుకుని నిలబడండి. ఎలా ఉంది?”

“బరువేం లేదు.”

“మరీ అంత బిగించారేంటమ్మా?”

“అది బరువుకి కాదు.”

“చాలు వదినా, దించు. దించమంటున్నానా! వేళ్ళు చూడు, తెల్లగా అయిపోయాయి. వదినా! వదిలెయ్!”

“ఆ మాట అనకు.”

“ఏ మాట?”

“దించమను, కింద పెట్టమను. ఆ మాట మాత్రం అనకు చిన్నోడా.”

“సరే, అనను. దించావుగా. అనను.”

“అమ్మా, ఆ బల్లమీద కూర్చోండి. పక్కనే నీళ్ళున్నాయి, తాగండి. నేను లోపల్నుంచి ఇంకో సైజు తెస్తాను. తమ్ముడూ, నీకూ ఒకటి తేనా? జోడీగా చేసుకోవచ్చు.”

“నాకొద్దు మాస్టారూ. నాకవసరం లేదు.”

“మంచిది. ఇప్పుడే వస్తా.”

“వెళ్ళాడా?”

“వెళ్ళాడు. నీళ్ళు తాగు. ఎందుకు వదినా ఇదంతా? నిద్రలో కూడా పిడికిలి బిగించే ఉంటున్నావట. పొద్దున వేణ్ణీళ్ళు పోస్తే గానీ వేళ్ళు తెరుచుకోవడం లేదట. అమ్మ చెప్పింది.”

“అత్తయ్య అన్నీ చెప్పేస్తుంది.”

“భయపడి చెప్పింది.”

“నువ్వు నిద్రపోతున్నావా?”

“నా సంగతెందుకిప్పుడు?”

“గోడౌన్‌లో పనికి మళ్ళీ ఎప్పట్నుంచి వెళ్తున్నావు?”

“సోమవారం నుంచి.”

“పోయిన వారం కూడా సోమవారమే అన్నావు.”

“వెళ్తాను వదినా. వెళ్తానన్నానుగా. మాట మార్చకు. పిడికిలి ఎందుకలా బిగిస్తున్నావు?”

“అందులో మీ అన్నయ్య చెయ్యి ఉంటుంది.”

“కలా?”

“కలయితే లేచాక పోవాలి కదా. పోదు. అంట్లు తోముతున్నా ఉంటుంది, తల దువ్వుకుంటున్నా ఉంటుంది. చెమటగా, వెచ్చగా, గడియారం పట్టీ నా బొటనవేలికి ఒత్తుకుంటూ. కూరగాయల సంచీ కూడా ఎడం చేత్తోనే తెస్తున్నాను. కుడిచేతిలో జాగా లేదు.”

“వదినా, నువ్వు చెయ్యగలిగింది చేశావు. అన్నయ్య మేడమీద నీళ్ళ ట్యాంకు మూత సర్దుతూ కాలు జారి పిట్టగోడ మీంచి పడబోయాడు. నువ్వు పరిగెత్తుకెళ్ళి పట్టుకున్నావు. అంత మనిషిని మూడో అంతస్తు మీద ఆపడం ఎవరి తరం? రోజంతా పెట్టెలు మోసేవాణ్ణి, నేనున్నా నా వల్ల అయ్యేది కాదు.”

“అందరూ అదే అన్నారు. నీ చేతుల్లో ఏం బలముందమ్మా, ఎంతసేపని పట్టుకుంటావు అన్నారు. నేనూ ఊఁ అన్నాను.”

“ఊఁ అనడమేంటి? నిజం అదేగా?”

“కాలు జారలేదు.”

“ఏంటి?”

“మీ అన్నయ్య కాలు జారలేదు. నేను మేడమీదకి వెళ్ళేసరికి పిట్టగోడ ఎక్కి కూర్చున్నాడు, కాళ్ళు అవతలికి వేసుకుని.”

“ఊరుకో వదినా.”

“వెనకనుంచి వెళ్ళి మణికట్టు పట్టుకున్నాను. గట్టిగా పట్టుకున్నాను చిన్నోడా. నాకు బలం చాలకపోవడమేంటి? నా చెయ్యి జారలేదు. అస్సలు జారలేదు.”

“మరి?”

“వదిలెయ్ అన్నాడు. కోపంగా కూడా కాదు. వడ్డిస్తుంటే ఇంక చాలు అంటారే, అలా. అని, రెండో చేత్తో నా వేళ్ళు విప్పాడు. చిటికెన వేలు ముందు. తర్వాత దాని పక్కది. నొప్పి పుట్టకుండా విప్పాడు చిన్నోడా, నాకు నొప్పి పుట్టకుండా.”

“చాలు. చాలు వదినా, నాకు చెప్పకు.”

“నీకు కాక ఎవరికి చెప్పను?”

“అమ్మకి తెలుసా?”

“తెలియదు. కాలు జారిందని చెప్పింది నేనే. జారిందంటే ఏడుస్తుంది, ఏడ్చి ఎప్పటికైనా లేస్తుంది. ఇది వింటే లేవదు.”

“ఎందుకు చేశాడు?”

“తెలియదు. పొద్దున చొక్కా గుండీ ఊడితే కుట్టించుకున్నాడు నాచేత. గుండీ కుట్టించుకున్న మనిషి అలా చేస్తాడని నేనెలా అనుకుంటాను?”

“ఇదిగోనమ్మా, పన్నెండు కిలోలది! మీరు పట్టుబట్టారని తెచ్చాను. మొదట రెండు చేతులతో మొదలుపెట్టండి, ఒంటిచేత్తో తొందరపడకండి. ఎత్తి చూడండి.”

“ఇది బావుంది.”

“బావుందా? చూశారా, ఇందాకటికన్నా నిలకడగా ఉంది చెయ్యి. రోజూ కాసేపు మోసుకుంటూ ఇంట్లోనే అటూ ఇటూ నడవండి చాలు, మీ చేతిలోది ఎవరూ లాక్కోలేరు.”

“లాక్కోవడం కాదు మాస్టారూ. విప్పలేరు కదా?”

“ఏంటమ్మా?”

“వేళ్ళు. ఎవరైనా కావాలనే ఒక్కొక్కటీ విప్పాలని చూస్తే, రావు కదా?”

“అదేం ప్రశ్నమ్మా? సాధన చేస్తే రావు. ఏ, చేతిలో పర్సో సంచో లాక్కుపోయాడా ఎవడైనా?”

“అలాంటిదే. ఇది ఇచ్చేయండి.”

“మంచిది. సంచి అడుగున అట్ట వేసి తెస్తాను, లేకపోతే చిరుగుతుంది. తమ్ముడూ, ఏంటలా అయిపోయావు? ఎండ దెబ్బా?”

“ఏం లేదు మాస్టారూ. మీరు కట్టండి.”

“కళ్ళు తుడుచుకో చిన్నోడా. ఆయన వస్తాడు మళ్ళీ.”

“వదినా, ఒక మాటంటాను, ఏమనుకోకు. ఈ ఇనుము వద్దు. ఇంటికెళ్దాం పద. అన్నయ్య వెళ్ళిపోయాడు. నువ్వెంత బలం తెచ్చుకున్నా ఆ రోజు మళ్ళీ రాదు. లేని మనిషి కోసం చేతులు విరగ్గొట్టుకుంటావా?”

“లేని మనిషి కోసమని ఎవరన్నారు?”

“మరి ఎవర్ని పట్టుకుంటావు?”

“నిన్న సాయంత్రం బట్టలు తీద్దామని మేడెక్కాను. నువ్వు నన్ను చూడలేదు. పిట్టగోడ మీద కూర్చున్నావు, కాళ్ళు అవతలికి వేసుకుని. పిలిస్తే ఏమవుతుందోనని పిలవలేదు, నువ్వు ఇవతలికి దిగేదాకా మెట్లమీదే నిలబడిపోయాను. చెయ్యి ఇలా ఇవ్వు.”