మాలె విమానం, షాద్‌నగర్ బస్సు

నేను కోతలు కోసేటోన్ని కాదు, ఉన్నదాన్నే జర పెంచి చెప్త, గంతే. ఆ దినం పొద్దుగాల కొత్తకోట బస్టాండ్ ఎదురుంగ, ఉప్పలమ్మక్క ఛాయ్ హోటల్ల కూసోని గదే పని చేస్తున్న. షాద్‌నగర్‌ల మా చెల్లె స్వర్ణ బిడ్డకు పుట్టెంటుకలు. మేనమామను నేను కత్తెర పెట్టందే ఒక్క ఎంటుక దిగదు. పన్నెండు గంటలకు ముహూర్తం. నేనేమో ఒక చేతుల ఛాయ్, ఇంకో చేతుల నిమ్మకాయ పట్టుకోని ముచ్చట మొదలువెట్టిన.

"మాల్దీవులల్ల మేస్త్రి పని చేసిన గద. మాలె ఒక దీవి, గన్ ఒక దీవి. నడుమ ఐదు వందల నలభై కిలోమీటర్లు, కింద అంత సముద్రమే. విమానం గంటా పది నిమిషాలల్ల దించుతది. నేను పోయొచ్చిన."

"ఉంటది తియ్," అన్నడు పక్కన కూసున్న ఎల్లేశం మామ. "బస్సొచ్చింది, ఎక్కరాదు."

"సీట్లు లేవు మామ, ఇంకోటొస్తది. రెండోసారి ఏమైందో తెలుసా? పైలట్ నన్ను ముందటికి పిల్చి, మేస్త్రీ, జర తొవ్వ చూపెట్టు అన్నడు. నేను మాలెల మేకు కొట్టి, గోడకు గుంజినట్టు గన్ దాక దారం గుంజిన. విమానం దారం పొంటి పోయింది, అర్ధ గంటల దిగినం. మూడోసారి మాలెల ఛాయ్ నోట్లె పోసుకుంటే గన్‌ల మింగిన."

ఇంకో రెండు బస్సులు హారన్ కొట్టుకుంట పోయినయి. నేను గొంతు పెంచిన.

"నాలుగోసారి అది ఎంత ఉరికిందంటే, గన్‌ల దిగి ఎనకకు చూస్తే, మాలెల నేనింకా విమానం మెట్లెక్కుతున్న. ఓ మల్లేశ్, నువ్వు రాకు, నేనొచ్చేసిన అని చెయ్యి ఊపిన."

"ఆగిండా మరి?"

"ఆగిండు మామ. ఇంకా ఆడనే ఉన్నడు."

ఉప్పలమ్మక్క గిలాస కడుగుడు ఆపింది.

"అయితే ఆయనకు ఫోన్ చెయ్యి తమ్మీ, షాద్‌నగర్‌కు ఆయననే పంపుదాం. ఈడున్న మల్లేశ్ బస్సెక్కితే వాంతి చేసుకుంటడు. మూడు బస్సులు పోయినయి, నిమ్మకాయ ఒత్తి ఒత్తి పిప్పి చేసినవ్."

అందరు నవ్విండ్రు. నాకు గూడ నవ్వొచ్చింది, సిగ్గు గూడ అయ్యింది. తొంభై కిలోమీటర్ల తొవ్వకు భయపడి సముద్రాలు దాటుతున్న. ఉప్పలమ్మక్క కొత్త నిమ్మకాయ చేతుల పెట్టి, నాలుగో బస్సుల నన్ను తనే నూకి ఎక్కిచ్చింది.

పన్నెండుకు పది నిమిషాలు తక్కువుండంగ స్వర్ణ వాకిట్ల నిలవడ్డ. అయినా నోరు ఊకుంటదా?

"బస్సు డ్రైవర్ నన్ను ముందటికి పిల్చి, తొవ్వ చూపెట్టమన్నడు, చెల్లె..."

స్వర్ణ కత్తెర పక్కకు పెట్టి, చెంబుతోని నీళ్లు తెచ్చిచ్చింది.

"తొవ్వంత నీ అంగి మీదనే కనవడ్తాంది, అన్నా. కడుక్కోని రా, ఆగుతం."