వాడంత మగ్గాలు ఆగిన పొద్దు

"నానమ్మా, తాత ఆయాసం యోగాతోనే పోయిందట గదా? అమ్మ చెప్పింది."

మీ అమ్మ చెప్పిందా? అప్పటికి మీ అమ్మ ఈ ఇంటి కోడలు గాలేదు బిడ్డా. అయినా పక్కన నిలవడి చూసినట్టే చెప్తది. కూసో, నేను చెప్త.

మాది మగ్గాల వాడ. పొద్దు పొడిస్తే చాలు, ఇంటింట్ల టకటక మొదలు. మీ తాత గుంత మగ్గం మీద దుప్పట్లు నేసెటోడు... కాదు కాదు, దుప్పట్లు మా మామ నేసేది, ఈయన తువ్వాళ్లు. గుంతల కాళ్లు వెట్టి పొద్దంత వంగి కూసునుడు, ముక్కుల నూలు దుమ్ము. నలభై నిండకముందే ఆయాసం పట్టుకున్నది. చలికాలం వస్తే ఛాతిల పిల్లి కూసినట్టే. దవాఖానల డాక్టరు గోలీలు రాసి, "నేను చెప్పేదాక బంద్ చెయ్యొద్దు" అన్నడు. మా తమ్ముడు నెక్కొండ నుంచి చూడవచ్చినప్పుడల్ల బత్తాయిలు తెచ్చేది. తెచ్చినయన్ని మళ్ల తనే తినిపోయేది. అది వేరే ముచ్చట.

గప్పుడు, డెబ్బయిల చివరికి అనుకుంట, మీ తాత తెల్లారకముందే లేచి పోవుడు వెట్టిండు. తానం చేసి, ఉతికిన ధోతి గట్టి. మా పెండ్లికి గూడ అంత మంచిగ తయారుగాలే. "యాడికి?" అంటే "గాలికి" అంటడు. నువ్వే చెప్పు, ఆయాసమున్న మనిషి చలిల గాలికి పోతానంటే ఏ పెండ్లమన్న నమ్ముతదా? ఎదురింటి రాజమ్మేమో "హోటల్ల చాయ్ తాగుకుంట కూసుంటాండేమో అక్కా" అన్నది. చారాణాకు చాయ్ వచ్చేది అప్పుడు. రాజమ్మ మొగడు రోజు అక్కడ్నే కూసుంటడు, అందుకే ఆమెకు అన్ని తెలుసు.

ఒకరోజు ఎనుకవడి పోయిన. బడి వరండాల ఆరేడుగురు మొగోళ్లు వరుసగ వెల్లకిల పండుకొని, కండ్లు మూసుకొని, కదలకుంట ఉన్నరు. మీ తాత నడుమల. రిటైరయిన డ్రిల్లు సారు వాళ్ల మధ్యల తిరుగుకుంట, "కాళ్లు లేవనుకోండ్రి, చేతులు లేవనుకోండ్రి" అంటాండు. ఉన్న కాళ్లు చేతులతోనే ఇల్లు గడుస్తలేదు, ఇగ లేవనుకోవాల్నట.

"ఏం చేస్తానరు సారూ మా ఆయన్ను?" అన్న.

"ఏం లేదమ్మా, ఊపిరి తీసుకునుడు నేర్పుతాన."

"పుట్టినప్పటి సంది తీసుకుంటాండు గదా, అప్పుడు ఎవరు నేర్పిండ్రు?"

సారు నవ్విండు. మాటకు మాట చెప్పకుంట నవ్వెటోళ్లంటే నాకు ఇంకింత అనుమానం. పైసలు తీసుకోడు, చాయ్ ఇస్తే తాగడు. ఏమీ అడగని మనిషి మనసుల ఏమున్నదో ఎట్ల తెలుస్తది?

గనీ ఉన్నమాట చెప్పాలె. పోను పోను మీ తాతకు నిద్ర పట్టింది. నాలుగడుగులేసి ఆగుడు తగ్గింది. చిడచిడ గూడ తగ్గింది, అదే నాకు పరేషాన్ అయింది. కూరల ఉప్పు మరిచినా "మంచిగున్నది" అంటాండు. అన్నేండ్ల కాపురంల ఆ మాట ఎన్నడు వినలే. ఈయన ఏదో దాస్తాండు అనుకున్న.

మా వాడల ఒక రివాజు ఉండేది. ఎవరింట్లనన్న మనిషి పోతే అందరు మగ్గాలు ఆపుతరు. ఎవరు చెప్పిపంపరు. పక్కింట్ల సప్పుడు ఆగితే ఈ ఇంట్ల ఆగుతది, అట్లట్ల వాడ చివరిదాక పోతది.

ఆ పొద్దు నేను పంపుకాడ నీళ్ల లైన్ల ఉన్న. మీ తాత ఇంట్ల నేస్తాండు. నడుమ అలసటయితే పని ఆపి, కండ్లు మూసుకొని, మనసు నిమ్మళం చేసుకొమ్మని సారు చెప్పిండట. ఈయన అటిటు నూలు విసిరే నాడె పక్కకువెట్టి, కాళ్లు గుంతల అట్లనే ఉంచి, బొమ్మ లెక్క కూసున్నడు. సప్పుడు ఆగిందని రాజమ్మ కిటికీల కెళ్లి చూసింది. పిలిచింది. పలుకలే. అంతే, గొల్లుమన్నది. ఆమె ఇంట్ల మగ్గం ఆగింది. దాని పక్కది ఆగింది.

నాకు పంపుకాడికి ఆ ఆగుడు వినవడ్డది బిడ్డా. మా ఇంటి దిక్కు నుంచే ఒక్కొక్కటి ఆగుకుంట వస్తాంది. బిందె అక్కడ్నే ఇడిచిన. ఆ తొవ్వంత నాకు నిజంగనే కాళ్లు లేవు, చేతులు లేవు.

ఇంటికొచ్చేసరికి వాకిలి నిండ జనం. అప్పటికే ఒకాయన డప్పులోళ్లకు చెప్పను పోయిండు. ఆ ఏడుపులకు మీ తాత కండ్లు తెరిచి, "ఎవలు పోయిండ్రు?" అన్నడు.

"నువ్వే బావా" అన్నది రాజమ్మ.

ఇగ నవ్వులే నవ్వులు. మీ తాత గూడ నవ్విండు. నవ్వుతాంటె దగ్గు వచ్చింది, దగ్గుతోని ఆయాసం అందుకున్నది. పెదవులు నల్లవడ్డయి, ఊపిరి అందుతలేదు. గోలీ కోసం రేకుడబ్బ తెరిస్తే, పోయిన నెల దవాఖాన నుంచి తెచ్చినయి తెచ్చినట్టే ఉన్నయి. ఒక్కటి గూడ మింగలే.

రిక్షల ఏసుకొని దవాఖానకు ఉరికినం. సూదులిచ్చి, మూతికి గాలి గొట్టం వెట్టిండ్రు. ప్రాణం మళ్లింది. సారు ఉరుక్కుంట వచ్చిండు. రాంగనే వట్టుకున్న.

"గోలీలు బంద్ చెయ్యమన్నది మీరేనా?"

సారు మొఖం తెల్లవడ్డది. మీ తాత దిక్కు తిరిగి, "నేను ఎన్నడన్న అన్ననా?" అన్నడు.

"లేదు సారూ" అన్నడు మంచం మీదికెళ్లి మీ తాత. "మంచిగైన గదా, ఇంకెందుకని నేనే..."

సారు అంగీ జేబుల కెళ్లి ఒక గోలీల పట్టి తీసిండు. "బీపీవి. నేనే రోజు మింగుతాన గదయ్యా" అన్నడు.

"అవి నిజంగ మీయేనా సారూ?" అన్న. అడిగితే తప్పేమున్నది?

అటెనుక బడికి నేనే తోలిచ్చిన. ముందు గోలీ, తర్వాత యోగా. గోలీ మింగినంక నాలుక లేపి చూసేదాన్ని. మొగుడయితేంది. ఆ ఆయాసం మొత్తం పోలేదు, మీ అమ్మకు చెప్పు. తగ్గింది. యోగా తగ్గిచ్చిందా, గోలీ తగ్గిచ్చిందా అంటే నాకు తెల్వది. నేను రెండిట్ల ఒక్కదాన్ని గూడ నమ్మలే, రెండూ చేపిచ్చిన. నిన్ను ఎత్తుకొని ఆడిపిచ్చేదాక ఉన్నడు.

నీకు గూడ ఆయన ఆయాసమే వచ్చిపాయె. యోగా క్లాసుకు పోతానవట, పో బిడ్డా, వద్దంటనా? నీ ఛాతి నిండ గాలాడ, సల్లగ నూరేండ్లు బతుకు...

అవునే, ఎన్నడు లేంది ఇయ్యాల ఈ ముచ్చట ఎందుకడిగినవ్? పొద్దుగాల గోలీ వేసుకున్నవా? గోడ దిక్కు చూస్తవేంది, నా దిక్కు చూడు.