తొమ్మిది వందల మైళ్ళ చక్రం

శనివారం పొద్దున కాన్సస్ పైలట్లంతా విమానాల హ్యాంగర్లో పాన్‌కేకుల టిఫిను దగ్గర చేరారు. హేజెల్ మాత్రం పళ్ళెం ముట్టకుండా, నాన్న పెట్టెలో దొరికిన, పాతకాలం పైలట్లు వేగం లెక్కగట్టుకునే అల్యూమినియం చక్రాన్ని అటూ ఇటూ తిప్పుతోంది. రేపటి విమానాల పోటీలో ఫోన్లూ, దారి చూపే తెరలూ మూసి సీలు వేస్తారు. మ్యాపూ, ఇలాంటి చక్రమూ మాత్రమే దిక్కు. దీన్ని వాడటం తెలిసినవాళ్ళు పక్క సీట్లో లేకపోతే ఆమెకు పోటీ లేనట్టే.

ముసలి వెర్నాన్ దాన్ని లాక్కున్నాడు.

"వెనక జారే పలక, గాలి లెక్కకి పెన్సిల్ చుక్క పెట్టుకునే మసక అద్దం... యుద్ధకాలం సరుకమ్మాయ్! ఇలాంటిదాంతోనే నేనోసారి మబ్బుల్లో దారి తప్పకుండా విచిటా ఊరు చేరాను."

"అంతేనా?" అంది హేజెల్.

"అంతేనా అంటావా! వెనక నుంచి గాలి తోస్తోంది చూడు, దూరానికెదురుగా కాలం పెట్టి తిప్పితే వేగం తొమ్మిది వందల మైళ్ళు! గుడ్డ రెక్కల బుల్లి విమానం నాది! ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా ఇంజను మోత నన్నందుకోలేక వెనకబడిపోయింది. నేను దిగి, హోటల్లో రెండో కాఫీ అడుగుతుంటే అప్పుడొచ్చిందా మోత. ఇంకో విమానం వస్తోందనుకుని ఆ హోటలామె మరో కప్పు పెట్టింది!"

"మరి పెట్రోలో?" ఎదుటి బల్ల నుంచి మెర్ల్ అనే పైలట్ ఎగదోశాడు.

"ఖర్చా? గాలికి విమానం ముందు పంకా వెనక్కి తిరిగి, కాల్చిందంతా మళ్ళీ ట్యాంకులోకి తోడేస్తేనూ! మూత తీస్తే పొంగిపోయింది!"

హేజెల్ ఆ పెట్రోలు మాట పట్టించుకోలేదు. చక్రాన్ని అతని చేతిలోంచి తిరిగి తీసుకుని దాని అంచునే వెతుకుతోంది.

"తొమ్మిది వందలు ఎక్కడ వెర్నాన్? తొంభై దాటితే మళ్ళీ పదే వస్తోందే."

"పిచ్చిదానా, ఆ ఒక్క గీతే తొమ్మిది, తొంభై, తొమ్మిది వందలూను. చక్రం అంకెలే చూపిస్తుంది. సున్నాలు మనమే పెట్టుకోవాలి," అన్నాడు వెర్నాన్ ఓపిగ్గా.

"అంటే ఆ రోజు తొంభై పక్కన రెండో సున్నా నువ్వే పెట్టావన్నమాట."

హ్యాంగరంతా గొల్లుమంది. వెర్నాన్ మొహం మాడిపోయింది. గుండె జబ్బుతో లైసెన్సు పోయాక అతన్ని ఎవరూ విమానం ఎక్కించుకోలేదు. ఆ పక్క సీటు కోసమే ఇన్ని కోతలూ కోశాడని హేజెల్‌కి అప్పుడు తట్టింది. అయ్యో అనిపించింది. అయినా అతను చెప్పిన కిటుకులో అబద్ధమేమీ లేదు.

"రేపు పొద్దున్నే వచ్చెయ్ వెర్నాన్," అంది చక్రాన్ని అతని చేతిలో పెడుతూ. "తిప్పడం నీ వంతు. సున్నాలు మాత్రం నేను పెడతా."