సగం దాటితే సున్నా

"మారింది బావా, చట్టం మారిపోయింది! ఇదివరకైతే దెబ్బ తగిలినవాడి తప్పెంతుంటే నష్టపరిహారంలో అంత కోసేసి మిగతాది చేతిలో పెట్టేవాళ్లు. ఇప్పుడు సగం దాటిందా, సున్నా!"

బోర్డులు రాసే పెయింటరు విరిగిన కుడిచేతికి కట్టుతో మంచం మీద కూర్చున్నాడు. ఎదురుగా కొత్తగా నల్లకోటు తొడిగిన బావమరిది. గుమ్మంలో తువ్వాళ్లు మడతపెడుతూ పెయింటరు భార్య.

"అంటే ఏంట్రా? నేను సగం పడ్డానా, పూర్తిగా పడ్డానా అని చూస్తారా?"

"పడటం కాదు బావా, తప్పు! నీ తప్పెంత, షాపువాడి తప్పెంత అని శాతాలు కడతారు."

"చెయ్యి మాత్రం పూర్తిగానే విరిగిందిరా."

"ఒరేయ్ తమ్ముడూ, ఆ శాతాలు కట్టే ఉద్యోగం నాకిప్పించరాదూ? పెళ్లైనప్పట్నుంచీ జీతం లేకుండా అదే చేస్తున్నా."

"నవ్వులాట కాదక్కా. ఈ డబ్బు రాకపోతే కట్టు విప్పేదాకా ఇల్లెలా గడుస్తుంది? సరే, నువ్వే షాపువాడి లాయరువనుకో. బావని అడుగు. కోర్టులో తడబడేకంటే ఇక్కడే తడబడనీ. ఊఁ, కానీ!"

"ఏమయ్యా పెయింటరూ, షాపులోకి ఎందుకెళ్లావు?"

"బోర్డిద్దామని."

"ఏం బోర్డు?"

"వాళ్లు చెప్పిందే."

"వాళ్లేం చెప్పారు?"

"చెప్పలేదు, చీటీ మీద రాసి పంపారు. వేశాను. పట్టుకెళ్లాను. నేలంతా నీళ్లు, కాలు జారింది. అయిపోయింది కదా?"

"అవలేదు. ఆ బోర్డు మీద ఏం రాసుంది?"

"పసుపు మీద నలుపు."

"రంగడగలేదయ్యా!"

"రెండు వరుసలు. పైది లావు, కిందది సన్నం. చివర నిలువు గీత, దాని కింద చుక్క."

"బావా, కోర్టులో ఇలా తిక్క సమాధానాలు చెప్తే జడ్జి నీతోపాటు నన్నూ బయటికి పంపేస్తాడు! 'నేల తడిగా ఉంది, జారుతుంది జాగ్రత్త.' అదీ ఆ బోర్డు. వాళ్ల లాయరు పట్టుకున్నదే అది! జారుతుందని తనే రాసి, ఎండబెట్టి, చంకలో పెట్టుకొచ్చినవాడికి జారుతుందని తెలీదా అంటున్నాడు. నీ తప్పు డెబ్బై శాతమంట!"

"అబ్బ, ఎంత తెలివైనవాడ్రా! మనం ఆయన్ని పెట్టుకోవాల్సింది."

"అక్కా!"

"మరి నేలంతా నీళ్లు చేసి వదిలేసిన షాపువాడికి ముప్పైయేనా?"

"వాడేమంటున్నాడో తెలుసా? 'మేం జాగ్రత్తపరులం సార్, హెచ్చరిక బోర్డు చేయించాం, అదొస్తూ వస్తూ గుమ్మంలో పడిపోతే మేమేం చేస్తాం' అని! ఇదిగో బావా, వాళ్ల జవాబు. నువ్వే చదువు, ఎక్కడ పట్టుకోవాలో చూద్దాం."

"చెప్పావుగా."

"చదువు బావా!"

"కళ్లజోడు కనపడట్లేదు."

"నెత్తి మీదుందండీ."

"వెలుతురు చాలట్లేదే."

"మిట్టమధ్యాహ్నం! రోజూ పొద్దున్నే పేపరు మొహానికి అడ్డంపెట్టుకుని గంట కూర్చుంటారు, అప్పుడు చాలుతుందా?"

"చదవడం రాదే."

"ఏంటీ?"

"చదవడం రాదు. చీటీలో ఎలా ఉంటే అలా దించేస్తాను. వంకరకి వంకర, చుక్కకి చుక్క. నాకు అక్షరమైనా బొమ్మే. ఆ బోర్డు మీద ఏముందో పడి లేచాక కూడా తెలీదు. ఇదిగో, ఇప్పుడు వీడు చెప్తే తెలిసింది."

"మరి పేపరు..."

"ఫోటోలు చూస్తానే."

"బావా! బావా, గెలిచాం! నువ్వు బంగారం! ఏం రాశావో నీకే తెలీనప్పుడు నీ తప్పు పది శాతం కూడా రాదు! జడ్జి ముందు నిలబడి 'నాకు చదవడం రాదు' అను, అంతే, ఒక్క ముక్క!"

"అందరి ముందా?"

"అందరి ముందే! షాపులవాళ్లంతా వస్తారు, వినాలి మరి!"

"విన్నాక నాకు బోర్డెవడిస్తాడ్రా?"

"అబ్బా, అది తర్వాత బావా, ముందు చట్టం..."

"ఒరేయ్, నోర్ముయ్యి."

"అక్కా, చేతికందిన కేసు! ఆ చిన్న మాట కోసం..."

"రాసుకో. నేల జారుతుందని ఆయన ముందే చదివారు. అక్షరం పొల్లుపోకుండా చదివారు. చదివే పడ్డారు. తప్పంతా ఆయనదే."