మొహం కనపడాలి

2003 డిసెంబరు. ప్రత్తిపాడు దగ్గర ఒక ఊరు, ఉదయం తొమ్మిది గంటలు. గుంటూరులో మీడియా కోర్సు చదువుతున్న రఘురామ్, కోర్సులో భాగంగా తీస్తున్న చిన్న సినిమా కోసం కాలేజీ కెమెరాను స్టాండు మీద బిగించి, వసారాలో కుర్చీ వేసి తల్లి వీరమ్మను కూర్చోబెట్టాడు. ఆమె పెద్దకొడుకు బాలు పత్తి చేలో పురుగుమందు కొడుతూ పడిపోయి అప్పటికి మూడేళ్ళయింది.

"కెమెరా కేసి చూడొద్దమ్మా. నన్ను చూడు."

"నిన్నెక్కడ చూసేదిరా, ఆ పెట్టె వెనక నీ జుట్టు తప్ప ఏం కనపడట్లేదే."

"పోనీ నా చెయ్యి చూడు. ఇదిగో, ఇక్కడ. ఆ, చెప్పు."

"ఏం చెప్పను?"

"ఇందాక చెప్పిందే. మొదట్నుంచి."

"చెప్పానుగా."

"బయట ట్రాక్టర్ పోయిందమ్మా. ఆ మోతలో నీ మాట వినపడలా. ఇంకొక్కసారి."

"మా పెద్దబ్బాయి పేరు బాలు. ఇరవై ఆరేళ్ళు. పొద్దున ఏడింటికి పత్తికి మందు కొట్టడానికి పోయాడు. పదిన్నరకి చేలో పడిపోయాడని కబురొచ్చింది. గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. మర్నాడు పోయాడు. చాలా?"

"ఒకటి మర్చిపోయావు."

"ఏంటది?"

"గుడ్డ."

"బండెడు చాకిరీ ఉందిరా నాకు. గేదెకి కుడితి కూడా పెట్టలా."

"అమ్మా, మొహానికి గుడ్డ కట్టుకోలేదని చెప్పాలి కదా. అదే అసలు. అది లేకపోతే సినిమాయే లేదు."

"ఇంకెవరన్నా చెబితే కాదా?"

"ఇంకెవరు చెప్తారు? నాన్నేమో కెమెరా సంచి చూడగానే కండువా దులుపుకుని చేలోకి పోయాడు. అయినా కన్నతల్లి నోటివెంట వస్తే ఆ విలువే వేరు. మా త్యాగరాజు సార్ కూడా అదే అన్నారు."

"మీ సార్‌కి నేను తెలుసా?"

"తెలియకపోతే ఏం? సినిమాకి ఏం కావాలో తెలుసు. సరే, మళ్ళీ చెప్పు. కొంచెం నెమ్మదిగా. పాఠం అప్పజెప్పినట్టు ఉంటోంది."

"వచ్చినోళ్ళందరికీ ఇదేగా చెప్పా మూడేళ్ళ నుంచి. పాఠమే అయింది."

"అది కాదమ్మా…"

"ఏడవాలా?"

"ఏడవమని కాదు. ఎక్కడన్నా గొంతు ఆగిపోతే కట్ చెయ్యొద్దు, అట్టాగే ఉంచమన్నారు సార్."

"నాకు ఏడుపు రావట్లేదు రఘూ. పోయినేడాది నుంచి అసలు రావట్లా. కారం దంచుతుంటే కళ్ళు మండుతున్నాయి గానీ నీళ్ళు రావట్లా. గేదె దూడ చచ్చిపోయినా అట్టాగే చూస్తా నిలబడ్డా. మీ నాన్న తిట్టాడు కూడా, రాయిలా తయారయ్యావని."

"సరే, సరే. మామూలుగానే చెప్పు."

"మామూలుగానే చెప్తన్నా."

"ఒక్క నిమిషం ఉండు, ఆ కోడి పోనీ… ఆ."

"మా పెద్దబ్బాయి పేరు బాలు. ఇరవై ఆరేళ్ళు. పొద్దున ఏడింటికి… ఆ సంచిలో కాగితాలేంటిరా?"

"అబ్బా! మధ్యలో ఆపితే ఎట్టామ్మా?"

"వాడి బొమ్మ కనపడుతుంటేనూ."

"అది మాగజైన్. సినిమాతో పాటు పదహారు పేజీల పత్రిక కూడా చెయ్యాలి మేం. పేజీలు పెట్టడం, ఫోటోలు సర్దడం, అన్నీ నేనే చేశా కంప్యూటర్లో. ఇది అట్ట. ఇంకా అచ్చుకి ఇవ్వలా, నమూనా తీయించా."

"ఇది మీ ఇద్దరూ చిలకలూరిపేటలో దిగిన ఫోటో కదూ?"

"ఆ."

"నువ్వెక్కడ?"

"నన్ను తీసేశా. అన్నయ్య ఒక్కడే ఉండాలని."

"నీ చెయ్యి ఉండిపోయిందే వాడి భుజం మీద."

"అది చెరిపేస్తాలే. పక్కనున్న చొక్కా రంగు తీసుకొచ్చి అద్దితే తెలియదు."

"అద్దితే పోద్దా?"

"పోద్ది. ఎంత దగ్గరగా చూసినా కనపడదు."

"ఈ పెద్దక్షరాలేంటి?"

"నువ్వే చదువు. కళ్ళజోడు లేకపోయినా కనపడాలనే అంత పెద్దగా పెట్టా."

"ఒక్క… గుడ్డ… కట్టు… కుని… ఉంటే."

"ఎట్టా ఉంది? మా క్లాసులో అందరూ బాగుందన్నారు."

"అంటే, తప్పు వాడిదని."

"తప్పని కాదమ్మా. అజాగ్రత్త. చూసినోళ్ళు జాగ్రత్తపడతారని."

"ఎంతమంది చూస్తారు?"

"ఐదొందల కాపీలు వేస్తారు. మన చుట్టుపక్కల ఊళ్ళన్నిట్లో పంచుతారు. సినిమా కూడా బడుల్లో వేసి చూపిస్తారంట. సోమవారానికి ఇచ్చెయ్యాలి నేను."

"మన ఊళ్ళోనూ వేస్తారా?"

"ముందు మన ఊళ్ళోనే."

"అందరూ కూర్చుని చూస్తారు. బాలుగాడు అజాగ్రత్తగా పోయాడని."

"అమ్మా, దయచేసి. ఎండ జరిగిపోతోంది. ఇంకో పది నిమిషాలైతే ఈ వసారాలో వెలుగు ఉండదు. అదొక్క మాట చెప్పేయ్. మొత్తం కూడా వద్దు. 'మా అబ్బాయి ఆ రోజు మొహానికి గుడ్డ కట్టుకోకుండా పోయాడు.' అంతే."

"ఎట్టా?"

"మా అబ్బాయి ఆ రోజు మొహానికి గుడ్డ కట్టుకోకుండా పోయాడు."

"మా అబ్బాయి ఆ రోజు…"

"ఊఁ."

"మా అబ్బాయి ఆ రోజు మొహానికి… మంచినీళ్ళు తాగొస్తా ఉండు."

"కూర్చో అమ్మా! ఇక్కడే ఉన్నాయి నీళ్ళు. తాగు. తాగావా? ఆ, చెప్పు."

"గుడ్డ నేనే కట్టాను రఘూ. నా పాత నేత చీర చింపి, తడిపి, వెనక ముడి నేనే వేశా. బిగించేశావు, ఊపిరాడట్లేదని విసుక్కున్నాడు కూడా."

"దారిలో జారిపోయి ఉంటది."

"జారదు. నా ముడి విప్పడం నాకే చేతకాదు."

"ఉక్కపోతకి తీసేసి ఉంటాడు. అందరూ తీసేస్తారు."

"వాడు తియ్యడు. తొమ్మిదేళ్ళు కొట్టాడు మందు. గుడ్డ తియ్యడం, గాలికి ఎదురు నిలబడటం ఏనాడూ చెయ్యలా. ఆ రోజు రెండూ చేశాడు. పక్క చేలో బుల్లయ్య బాబాయి చూశాడు. తూర్పు మొహం పెట్టి నిలబడ్డాడంట, తుంపరంతా తన మీదే పడుతుంటే."

"నాకెప్పుడూ చెప్పలేదే బుల్లయ్య బాబాయి?"

"నువ్వు అడిగావా?"

"కెమెరా ఆపుతానమ్మా."

"ఎందుకు?"

"టేపు అయిపోవచ్చింది."

"అయిపోయిందా, అయిపోవచ్చిందా?"

"అయిపో… ఇంకా ఉందిలే కొంచెం."

"అయితే ఆపొద్దు. తిరగనియ్. నువ్వు ఇటొచ్చి ఈ కుర్చీలో కూర్చో."

"నేనెందుకమ్మా?"

"నేను ఇంట్లో ఉన్నా. నాకు కబురొచ్చింది, అంతే. చేలో ఉన్నది నువ్వు. ఉన్నోడు చెప్పాలి గానీ లేనిదాన్ని కూర్చోబెట్టి చెప్పమంటే ఎట్టా?"

"నేను గట్టు మీద ఉన్నా. దూరంగా."

"కూర్చుని చెప్పు."

"నిలబడే చెప్తాలే."

"కూర్చో నాన్నా. నిన్నేం అనను."

"ఆ రోజు రసూల్ వాళ్ళ ఫోటో స్టూడియో కెమెరా అడిగి తెచ్చుకున్నా. ఏదో పత్రిక వాళ్ళు రైతుల ఫోటోల పోటీ పెట్టారు. దానికి పంపుదామని."

"ఊఁ."

"సాలు మధ్యలో నిలబెట్టా అన్నయ్యని. మందు ట్యాంకు వీపునే ఉంది."

"ఊఁ."

"మొహం కనపడాలి అన్నయ్యా, గుడ్డ తియ్యి, అన్నా. ముడి రాలేదు. కిందికి లాక్కున్నాడు, గొంతు మీదకి."

"తర్వాత?"

"ఎండ పడాలి, ఇటు తిరుగు అన్నా. గాలి ఎదురొస్తందిరా అన్నాడు. ఒక్క నిమిషమే అన్నా."

"మందు ఆపి నిలబడ్డాడా?"

"ఆపుతానన్నాడు. నేనే వద్దన్నా. ఎండలో తుంపర మెరుస్తుంటే బాగుందమ్మా. కొడుతూనే ఉండమన్నా."

"ఒక్క నిమిషమేనా?"

"కాదు. ఈ సాలు చివర్న ఒకటి, ఆ సాలు చివర్న ఒకటి. గంట పట్టింది. తల తిరుగుతోందిరా అన్నాడు. ఇంకొక్కటి, ఇంకొక్కటి అన్నా."

"ఎన్ని తీశావు?"

"రీలంతా."

"అంటే?"

"ముప్ఫై ఆరు."

"ఏదా రీలు?"

"నా పెట్టెలో ఉంది. ఫోటోలు కడిగించలేదు. ఎవరికీ చూపించలేదు. నీకు చెప్దామనే అనుకున్నానమ్మా, ఎప్పటికప్పుడు… ఇప్పుడు నీకు ఇట్టా తెలియాల్సి వచ్చింది."

"నాకు ఇవాళ తెలిసిందనుకుంటన్నావా? ఆసుపత్రిలో మాట పడిపోకముందే వాడు చెప్పాడు. ముప్ఫై ఆరు సార్లు నవ్వానమ్మా, ఒక్కటన్నా బాగా వచ్చిందేమో తమ్ముణ్ణి అడుగు, అన్నాడు."