పదమూడు కవర్లు

సభాధ్యక్షులు, మన టౌన్ బోర్డు చైర్మన్ గార్డన్ ప్రిబిల్ గారికీ, నా వీడ్కోలుకు వచ్చి ముందు వరసలో కూర్చున్న పెద్దలకూ, అగ్నిమాపక బళ్లను ఎండలోకి తోలి ఈ షెడ్డు మనకిచ్చిన సిబ్బందికీ, వేయించిన చేపలు చల్లారిపోతున్నాయి, ఈవిడ ఎప్పుడు ఆపుతుందా అని చూస్తున్న మిగతా మిత్రులకూ నా అభివందనాలు. (నవ్వులు)

ఇరవై ఏడేళ్లు టౌన్ క్లర్కుగా ఎన్నికలు నడిపానని, ఒక్క మచ్చా లేదని గార్డన్ ఇందాక పొగిడాడు. గార్డన్, నువ్వు మంచివాడివి కాబట్టి అన్నావు. ఆ రెండో మాట మాత్రం వెనక్కి తీసుకో. ఎందుకో చెప్పడానికే వచ్చాను, కేకు కోసం కాదు.

నేను చేరిన ఏడాది మన మార్టెన్ లేక్‌లో పోస్టల్ ఓట్లు తొమ్మిదంటే తొమ్మిది. మంచాన పడ్డవాళ్లవి, చలికి తట్టుకోలేక దక్షిణానికి పారిపోయేవాళ్లవి. మహమ్మారి ఏడాది నాలుగు వందల పన్నెండు వచ్చాయి, ఊరి మొత్తం ఓటర్లే ఆరు వందల చిల్లర! కవర్లకు చోటు చాలక నా కుర్చీ వసారాలోకి వచ్చింది. ఆ తర్వాత మన విస్కాన్సిన్ రాష్ట్రం ఎటు మొగ్గితే దేశం అటే అని అందరి కళ్లూ మన మీద పడ్డాయి. పోస్టులో ఓటు వేసేవాడు దొంగ, పుచ్చుకునే నేను గజదొంగ అన్నారు. మొన్నటికి ఆ ఓట్లు నూట తొంభైకి పడిపోయాయి. డ్వేన్, బూట్లు చూసుకోకు. పెట్రోలు బంకులో "వర్నా అమ్ముడుపోయింది" అని నా గురించి నువ్వన్నప్పుడు నేను వరసలో నీ వెనకే నిలబడి విన్నాను. (కొందరి నవ్వులు) నవ్వండి, నాకైతే రావడం లేదు.

కవరు మీద ఓటరు సంతకం, సాక్షి సంతకం, సాక్షి చిరునామా ఉండాలి. మన ఊళ్లో మొగుడికి పెళ్లాం సాక్షి, పెళ్లానికి మొగుడు. చిరునామా రాయమంటే మనవాళ్లకు నామోషీ. "ఏమే, మా ఇల్లు నీకు తెలియదా?" అని దెప్పుతారు. వెనకటికి ఆ ఖాళీ నేనే ఎర్రసిరాతో నింపేదాన్ని, అప్పట్లో మాకు అలాగే చెప్పారు. తరవాత క్లర్కు ఒక్క అక్షరం కూడా రాయకూడదన్నారు. సరే, ఫోన్ చేసి పిలిచేదాన్ని. వచ్చి రాసి, నన్ను నాలుగు తిట్టి పోయేవాళ్లు. ఫోన్ చేయడం తప్పు కాదని రూలే చెప్పింది.

పోయిన నవంబరు ఎన్నికకు అలా చిరునామా లేని కవర్లు పదమూడు మిగిలాయి. ఎన్నిక రోజు పొద్దున్నే ఎవరో ఇద్దరు కెమెరాతో వచ్చి నా బల్ల ముందు నిలబడ్డారు. నేను ఫోన్ ఎత్తగానే "ఎవరికి? మీవాళ్లకేనా?" అన్నారు. నేను పెట్టేశాను. వాళ్లు పోయాక చేద్దాంలే అనుకున్నాను. వాళ్లు పోలేదు. గడువు దాటిపోయింది, ఆ పదమూడూ లెక్కలోకి రాలేదు. భయపడ్డానమ్మా, అంతే. దానికి ఇంకో పేరు లేదు.

అందులో ఒకటి నార్బర్ట్ వెంజెల్‌ది. సాక్షి అతని భార్య ఎల్డా. చిరునామా ఉండాల్సిన చోట ఎల్డా రాసిన రాత ఇంకా నా కళ్లల్లో ఉంది: "మేం ఎక్కడుంటామో వర్నాకి తెలుసు."



ఎల్డా, నీకు ఇన్నాళ్లూ చెప్పలేదు. ఎన్నికలైన నాలుగో రోజు చూడ్డానికి ఆసుపత్రికి వస్తే నార్బర్ట్ నా చెయ్యి పట్టుకుని "నా ఓటు చేరిందా?" అనడిగాడు. చేరింది అన్నాను. చేరింది మరి! లెక్కపెట్టలేదని చెప్పలేదు. ఆ వారంలోనే పోయాడు. ఒక్క ఓటుతో ఫలితం మారదు కదా అని ఎవరూ నన్ను ఓదార్చకండి, ఆ మాట నాకు నేనే వెయ్యిసార్లు చెప్పుకున్నాను, పని చేయలేదు.

ఎల్డా, లేచావా? అనాలనుకున్నది అను. మైకు అక్కర్లేదు, వినిపిస్తుంది.

"ఫోన్ చేయాల్సిందే వర్నా. మా ఇల్లు రెండు మైళ్లేగా. పిండి చేతులతోనైనా వచ్చి రాసేదాన్ని."

అవును. వచ్చేదానివి.



నా కుర్చీకి నాలుగు నెలలుగా ప్రకటన ఉంది, ఒక్క దరఖాస్తూ రాలేదు. ఎవరినీ బతిమాలను, నా కూతురు తను చేరనా అని అడిగినా వద్దనే చెప్పాను. పరిస్థితి బాగుపడుతుందిలే అనే ధైర్యం నా దగ్గర లేదు, ఉన్నట్టు నటించలేను. ఇన్నేళ్లూ తలుపు తట్టకుండా నా ఆఫీసులోకి వచ్చి, నా కాఫీ తాగి, నన్నే విసుక్కున్న మీ అందరికీ కృతజ్ఞతలు. గార్డన్, ఆ జ్ఞాపిక మీద "ప్రతి ఓటునూ లెక్కించిన చేతులకు" అని చెక్కించారట. దాన్ని పెట్టెలోంచి తీయకు. ఇక నాకు సెలవు.